1999లో ఫాంటమ్ మెనేస్‌ను నిజంగా అందరూ తిట్టారా? ఆ రాత్రి హాల్లో ఉన్నవాడిగా నా సమాధానం

మీరు అడిగింది ఇదీ. మీ బాబుకి ఎనిమిదేళ్ళు, వాడికి స్టార్ వార్స్ చూపించాలనుకుంటున్నారు. 1999లో వచ్చిన ప్రీక్వెల్ (పాత సినిమాలకి ముందు జరిగిన కథ) 'ది ఫాంటమ్ మెనేస్'ను ఫ్యాన్స్ అందరూ తిట్టిపోశారని ఒకచోట చదివారు. అదే సినిమాను 2024లో మళ్ళీ విడుదల చేస్తే హాళ్ళలో చప్పట్లు మోగాయని ఇంకోచోట చదివారు. ఏది నిజం, తిట్టినవాళ్ళే మనసు మార్చుకున్నారా, దీన్ని వదిలేసి మిగతావి చూపిస్తే సరిపోతుందా అని మీ ప్రశ్న.

రెండూ నిజమే. కానీ తిట్టినవాళ్ళలో ఎక్కువమంది మనసు మార్చుకోలేదు. అప్పుడు తిట్టినవాళ్ళు వేరు, ఇప్పుడు చప్పట్లు కొడుతున్నవాళ్ళు వేరు. ఈ రెండో గుంపు 1999లో కూడా హాల్లోనే ఉంది. అమ్మానాన్నల పక్కన కూర్చుని, పాప్‌కార్న్ తింటూ, కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది. వాళ్ళకి అప్పుడు ఏడెనిమిదేళ్ళు కాబట్టి వాళ్ళనెవరూ అడగలేదు, వాళ్ళు ఎక్కడా రాయలేదు. మీ బాబుది సరిగ్గా ఆ వయసు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నేను 1998 చివర్లో వై2కే (2000 సంవత్సరపు కంప్యూటర్ తేదీల సమస్య) పని మీద న్యూజెర్సీకి వచ్చాను. అప్పటికి స్టార్ వార్స్ ఒక్కటి కూడా చూడలేదు. మా టీమ్ లీడ్ అమెరికన్. 1977లో మొదటి సినిమా వచ్చినప్పుడు ఆయనకి పదేళ్ళు. నేను చూడలేదని తెలిసి ఆశ్చర్యపోయి, తన దగ్గరున్న మూడు వీడియో క్యాసెట్లూ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. వారంలో మూడూ చూసేశాను. తర్వాత 1999 మే 19న, విడుదల రోజు అర్ధరాత్రి ఆటకి నన్ను వెంట తీసుకెళ్ళాడు. అంటే ఒకే హాల్లో, పక్కపక్క సీట్లలో, ఇరవై రెండేళ్ళుగా అభిమానిగా ఉన్నవాడొకడు, కొన్ని నెలలుగా అభిమాని అయినవాడొకడు కూర్చున్నాం. ఆ తర్వాత ఇరవై ఏళ్ళకు పైగా ఈ చర్చల్లో ఉన్నాను, కొంతకాలం ఒక ఫ్యాన్ గ్రూప్‌కి మోడరేటర్‌గా కూడా చేశాను. అయినా ఈ విషయంలో నాకు తెలిసినదంతా ఆ రాత్రి ఆ రెండు సీట్ల మధ్య తేడాలోనే ఉందనిపిస్తుంది.

ముందు ఆ ఎదురుచూపు సంగతి చెప్పాలి. 1977, 1980, 1983లో మూడు సినిమాలు వచ్చాయి. తర్వాత పదహారేళ్ళు ఈ వరసలో కొత్త సినిమా లేదు. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్నతో 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా మనవాళ్ళు ఎంతలా ఊగిపోయారో మీకు గుర్తుండే ఉంటుంది. అది రెండేళ్ళు కూడా కాదు. ఇక్కడ పదహారేళ్ళు. పైగా పాత సినిమాల్లో గతం గురించి చెప్పింది చాలా తక్కువ. క్లోన్ యుద్ధాలు జరిగాయని ఒక మాట, ఆ సినిమాల విలన్ డార్త్ వేడర్ ఒకప్పుడు ఓబీవన్ అనే జెడై (ఈ కథలో కాంతి కత్తులు పట్టిన రక్షకవీరుడు) శిష్యుడని ఇంకో మాట. మిగతాది ఎవరి ఊహ వాళ్ళది. పదేళ్ళ పిల్లాడు ఆ ఊహతోనే ముప్పై రెండేళ్ళవాడయ్యాడు. ఆయన తలలో అప్పటికే ఒక సినిమా తయారై ఉంది. అందులో వేడర్ యువకుడు, వీరుడు, ఓబీవన్‌కి ప్రాణస్నేహితుడు. తెర మీద, ముందుముందు వేడర్‌ కాబోయే తొమ్మిదేళ్ళ పిల్లాడు అనకిన్ కనిపించాడు.

ఆ రోజుల్లో హడావిడి ఎంతుండేదో చెప్తే ఇప్పటి పిల్లలు నమ్మరు. 1998 నవంబర్‌లో మొదటి ట్రైలర్‌ను వేరే సినిమాల ముందు వేశారు. టికెట్ కొనుక్కుని లోపలికెళ్ళి, ట్రైలర్ అవగానే అసలు సినిమా చూడకుండా లేచి వచ్చేసినవాళ్ళున్నారు. హాలీవుడ్‌లోని చైనీస్ థియేటర్ ముందు వారాల తరబడి జనం క్యూలోనే పడుకున్నారు. విడుదల రోజు 22 లక్షల మంది ఉద్యోగులు పనికి ఎగ్గొడతారని, దాదాపు 29 కోట్ల డాలర్ల నష్టం వస్తుందని ఒక కన్సల్టింగ్ సంస్థ లెక్కగట్టింది. మా ఆఫీసులోనూ ఆ బుధవారం సగం కుర్చీలు ఖాళీ.

హాల్లో దీపాలు ఆరి, సంగీత దర్శకుడు జాన్ విలియమ్స్ ట్రంపెట్లు మోగగానే లేచిన అరుపు నా జీవితంలో మళ్ళీ వినలేదు. చిరంజీవి సినిమాలకి మొదటి రోజు మొదటి ఆట చూసి పెరిగినవాణ్ణి నేను, అయినా చెప్తున్నాను. తర్వాత, ముందు కథ చెప్పే ఆ పసుపు అక్షరాలు తెర మీద పైకి పాకడం మొదలైంది. 1977లో ఆ అక్షరాలు తిరుగుబాటుదారుల మొదటి గెలుపు గురించి, ఒక గ్రహాన్నే పేల్చేయగల ఆయుధం గురించి చెప్పాయి. ఈసారి వ్యాపార మార్గాల మీద పన్నుల గురించి తగాదా అని చెప్పాయి. చదివేకొద్దీ ఆ అరుపులు తగ్గిపోవడం నాకు బాగా గుర్తుంది. మళ్ళీ లైట్‌సేబర్ (కాంతి కత్తి) వెలిగినప్పుడు లేచాయి, ఆర్2-డి2 అనే చిన్న రోబో కనిపించినప్పుడు లేచాయి, పాడ్ రేస్ (గాల్లో తేలే బండ్ల పందెం) మొదలయ్యాక ఆగలేదు. చివర్లో గట్టిగా చప్పట్లు కొట్టారు. మా టీమ్ లీడ్ కూడా కొట్టాడు.

కారులో నేను గలగలా మాట్లాడుతున్నాను. ఆయన మాట్లాడట్లేదు. చాలా దూరం వెళ్ళాక, "రేస్ బాగుంది. చివరి కత్తి యుద్ధం చాలా బాగుంది" అన్నాడు. ఇంకొంచెం దూరం పోయాక, "ఇంకోసారి చూడాలి" అన్నాడు. ఆ వారాంతంలోనే ఇంకోసారి చూశాడు. జూన్‌లో మూడోసారి. ఆ తర్వాతి సోమవారం లంచ్‌లో, "ఇక వెళ్ళను. తప్పు నాదేమో అని మూడుసార్లు చూశాను" అన్నాడు. సినిమాని నచ్చించుకోవడానికి ఒక మనిషి అంతలా ప్రయత్నించడం నేను అంతకుముందు చూడలేదు. తర్వాతి ఏళ్ళలో ఎంతోమంది ఇదే కథ నాకు చెప్పారు. మొదటి రోజే పడలేదన్నవాళ్ళు తక్కువ. రెండోసారి చూసినప్పుడో, మూడోసారి చూసినప్పుడో లోపల ఏదో జారిపోయిందన్నవాళ్ళే ఎక్కువ.

అందుకే "విడుదలైన రోజే అందరూ తిట్టారు" అన్న మాట తప్పు. లెక్కలు చూడండి. ప్రేక్షకుల్ని హాలు దగ్గరే అడిగి గ్రేడ్ వేయించే సినిమాస్కోర్‌లో దీనికి 'ఏ మైనస్' వచ్చింది. రోజర్ ఈబర్ట్ నాలుగు నక్షత్రాలకి మూడున్నర ఇచ్చాడు, అయితే మిగతా విమర్శకుల్లో చాలామంది పెదవి విరిచారు. మొదటి శుక్ర, శని, ఆదివారాల్లో అమెరికాలో సుమారు 6 కోట్ల 48 లక్షల డాలర్లు వసూలైతే, మొత్తం ఆట ముగిసేసరికి 43 కోట్లు దాటింది. జనానికి నచ్చని సినిమా మొదటి వారం తర్వాత కూలిపోతుంది. ఇది వేసవంతా ఆడింది. మా టీమ్ లీడ్ లాంటివాళ్ళు నమ్మలేక మళ్ళీ మళ్ళీ వెళ్ళడం అందులో ఒక భాగం. పిల్లలు మళ్ళీ తీసుకెళ్ళమని ఏడవడం ఇంకా పెద్ద భాగమని నా నమ్మకం. ప్రపంచమంతా కలిపి ఆ ఏడాది అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా ఇదే.

మరి ఫిర్యాదులు ఉత్తవేనా? కాదు. ఇప్పుడు కొందరు కుర్రాళ్ళు ఇది గొప్ప కళాఖండమని, పెద్దవాళ్ళకి అర్థం కాలేదని వాదిస్తుంటారు. నేను వాళ్ళతో ఒప్పుకోను. అసలు లోపాలు ఉన్నాయి, అవి ఈ రోజుకీ అలాగే ఉన్నాయి.

అన్నిటికంటే లోతుగా గుచ్చుకున్నది మిడిక్లోరియన్ల సంగతి, అంటే 'ఫోర్స్' ఎవరిలో ఎంతుందో చెప్పే, ఒంట్లో ఉండే సూక్ష్మజీవులు. పాత సినిమాల్లో 'ఫోర్స్' అంటే సృష్టి అంతటా నిండి ఉన్న శక్తి. 1980 సినిమాలో రెండు మూరల ఎత్తు కూడా లేని ముసలి జెడై గురువు యోడా, బురదలో కూరుకుపోయిన ఓడను కళ్ళు మూసుకుని పైకి లేపుతాడు. సైజుతో పనిలేదని, నమ్మకంతో పని అని కథానాయకుడు లూక్‌కి అక్కడ అర్థమవుతుంది. ఆ సీన్ చూసిన ప్రతి పిల్లాడూ ఇంట్లో చెయ్యి చాచి టీవీ రిమోట్‌ని తన దగ్గరికి రప్పించుకోవాలని చూశాడు. 1999 సినిమాలో ఓబీవన్ గురువు క్వైగాన్ చిన్న అనకిన్ రక్తం తీసి పంపిస్తే, లెక్క ఇరవై వేలు దాటిందని, యోడాకి కూడా అంత లేదని ఓబీవన్ చెప్తాడు. తపస్సుతో వచ్చే సిద్ధిని తీసుకెళ్ళి రక్తపరీక్ష రిపోర్టులో పెట్టినట్టయింది. ఎవరికైనా రావచ్చనుకున్నది పుట్టుకతో వచ్చేదై కూర్చుంది. మా టీమ్ లీడ్, తడబడుతూ నవ్వించే జార్ జార్ పాత్రని క్షమించాడు కానీ దీన్ని క్షమించలేదు.

రెండోది, ఈ కథ ఎవరిది? 1977లో లూక్‌తో పాటు మనమూ ఇల్లు వదిలి బయలుదేరతాం. ఇందులో క్వైగాన్ వెనక నడుస్తాం, కానీ ఆయన మొదటి నుంచీ అన్నీ తెలిసినవాడు, మారడు. ఓబీవన్ సగం సినిమా ఓడలోనే కూర్చుంటాడు. శత్రువులు ముట్టడించిన గ్రహానికి రాణి సగం సినిమా మారువేషంలో ఉంటుంది. అనకిన్ వచ్చేసరికే చాలాసేపు గడిచిపోతుంది. పట్టుకోవడానికి ఒక చెయ్యి దొరకదు.

మూడోది ముగింపు. 1983 సినిమాలో చివరి యుద్ధం మూడు చోట్ల జరుగుతుంది: అడవిలో, అంతరిక్షంలో, చక్రవర్తి గదిలో. ఒకచోట ఓడిపోతే మూడు చోట్లా ఓడిపోతారు కాబట్టి మూడూ ఒకే ముడిలా బిగుస్తాయి. ఇందులో నాలుగు చోట్ల నడుస్తుంది. జెడైలకీ విలన్ డార్త్ మాల్‌కీ కత్తి యుద్ధం, రాజభవనంలో రాణి దాడి, మైదానంలో జార్ జార్ జాతివాళ్ళైన గుంగన్ల సైన్యం, పైన అంతరిక్షంలో చిన్న అనకిన్. క్వైగాన్ ప్రాణం పోయిన క్షణం నుంచి ఒకటిన్నర నిమిషంలో పిల్లాడి ఓడకీ, జార్ జార్ తడబాటుకీ, మళ్ళీ దుఃఖానికీ పరుగెత్తాలి. ఇది నేను కనిపెట్టింది కాదు. 2001 డీవీడీలో ఇచ్చిన మేకింగ్ డాక్యుమెంటరీలోనే ఇది కనిపిస్తుంది. తొలి కూర్పును తమవాళ్ళకి వేసి చూపించాక, ఎడిటింగ్‌లో పనిచేసిన బెన్ బర్ట్ ఇదే ఇబ్బంది చెప్తాడు. కొన్నిచోట్ల మరీ ఎక్కువ దూరం వెళ్ళానేమో అని దర్శకుడు జార్జ్ లూకాస్ తనే ఒప్పుకుంటాడు. అప్పటికి ఆ నాలుగు ముక్కలూ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి, ఒకటి తీస్తే మిగతావి పడిపోతాయి. ఆ గదిలో వాళ్ళ ముఖాలు చూశాక నాకు లూకాస్ మీద కోపం పోయింది. 1977 తర్వాత ఇరవై రెండేళ్ళకి మళ్ళీ దర్శకుడి కుర్చీలో కూర్చున్న మనిషి, తన డబ్బుతో, తను అనుకున్నదే తీశాడు. తప్పులు కూడా ఆయన సొంతమే.

ఫ్యాన్స్ ఊరుకోలేదు. 2000, 2001 ప్రాంతంలో 'ఫాంటమ్ ఎడిట్' అని ఒక క్యాసెట్ చేతులు మారుతూ తిరిగింది. ఎడిటింగ్ వృత్తిలో ఉన్న ఒక అభిమాని సినిమాలోంచి సుమారు ఇరవై నిమిషాలు కోసేసి, జార్ జార్‌ని తగ్గించి, సంభాషణలు బిగించి మళ్ళీ కూర్చాడు. నా చేతికి వచ్చింది కాపీకి కాపీకి కాపీ, బొమ్మ వణుకుతూ ఉండేది. అది చూసినప్పుడు నాకు అనిపించింది, ఇది ద్వేషం కాదని. ద్వేషించేవాడు రాత్రుళ్ళు మేలుకుని అంత పని చెయ్యడు.

ఇక జార్ జార్ బింక్స్. ఇక్కడ నేను కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే నాకు ఇందులో భాగం ఉంది.

ఆ పాత్ర చేసిన అహ్మద్ బెస్ట్‌కి విడుదలప్పుడు 25 ఏళ్ళు. 'స్టాంప్' అనే రంగస్థల ప్రదర్శనలో డబ్బాలు వాయిస్తూ ఒళ్ళంతా తాళమై కదిలే కుర్రాడు. అతన్ని అక్కడ చూసి ఎంపిక చేశారు. సెట్లో జార్ జార్ వేషంతో, నెత్తి మీద ఆ తలబొమ్మ పెట్టుకుని, మిగతా నటుల మధ్య ప్రతి సీనూ నటించాడు. ఆ నడక, ఆ ఊపు, ఆ గొంతు అతనివి. కంప్యూటర్ బొమ్మ దాని మీద వేసిన తొడుగు. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని కంప్యూటర్ పాత్ర గొల్లమ్ తెర మీదకి వచ్చి లోకం మెచ్చుకోవడానికి మూడేళ్ళ ముందు ఈ పని చేసి చూపించినవాడు అహ్మద్ బెస్ట్. గొల్లమ్ నటుడికి దక్కిన గౌరవంలో పదో వంతు కూడా ఇతనికి దక్కలేదు. చెత్త సినిమాలకిచ్చే 'రాజీ' (Razzie) అవార్డు దక్కింది.

పాత్ర మీద వచ్చిన విమర్శల్లో ఒకటి న్యాయమైనది. జార్ జార్ మాటతీరు, నడక చూస్తే పాత హాలీవుడ్ నల్లవాళ్ళని వెక్కిరిస్తూ తీసిన పాత్రలు గుర్తొస్తున్నాయని, గ్రహాన్ని ముట్టడించే వ్యాపార సమాఖ్య వాళ్ళ యాస ఆసియా వాళ్ళని ఎగతాళి చేసినట్టుందని, వాటో అనే వ్యాపారి బొమ్మలో కూడా అలాంటి పాత మచ్చ ఉందని రాశారు. లూకాస్‌ఫిల్మ్ అలాంటి ఉద్దేశం లేదని ఖండించింది. ఉద్దేశం మాట నేను చెప్పలేను. ఆ రాత్రి హాల్లో ఆ వ్యాపారుల యాస విని జనం నవ్వినప్పుడు, ఆఫీసు మీటింగుల్లో నా ఇంగ్లీషు విని రెండుసార్లు మళ్ళీ చెప్పమనే రోజులవి కాబట్టి, నేను సీట్లో కొంచెం ముడుచుకున్నాను. అది మాత్రం గుర్తుంది.

కానీ ఆ విమర్శ ఒక పక్క, జరిగింది ఇంకో పక్క. జార్ జార్‌ని చంపాలంటూ వెబ్‌సైట్లు పుట్టాయి. రోజూ ఆఫీసు మెయిల్లో జార్ జార్ చావు బొమ్మలు వచ్చేవి. నాకు సినిమా నచ్చింది, జార్ జార్ కూడా పెద్దగా అడ్డు అనిపించలేదు. అయినా నలుగురిలో ఒకడిగా ఉండాలని ఆ మెయిల్స్ నేనూ ఫార్వర్డ్ చేశాను. కొత్త దేశంలో అందరూ నవ్వుతున్న చోట నేనూ నవ్వితే నన్ను కలుపుకుంటారనిపించింది. తొడుగు కింద ఒక మనిషి ఉన్నాడన్న ఆలోచనే రాలేదు. 2018 జూలైలో అహ్మద్ బెస్ట్ తన కొడుకుతో బ్రూక్లిన్ వంతెన దగ్గర నిలబడిన ఫొటో పెట్టి, ఇరవై ఏళ్ళ క్రితం ఆ దాడి తట్టుకోలేక ఇక్కడే ప్రాణం తీసుకోబోయానని రాశాడు. అది చదివిన రోజు రాత్రి నేను నిద్రపోలేదు. నేను పంపిన మెయిల్స్ అతని దాకా వెళ్ళి ఉండవు, అది నాకు తెలుసు. అతన్ని ఆ వంతెన మీదకి తోసిన గుంపులో నేను ఉన్నానన్నదీ తెలుసు.

అనకిన్‌గా చేసిన జేక్ లాయిడ్ షూటింగ్ నాటికి ఎనిమిదేళ్ళ పిల్లాడు, అంటే మీ బాబు ఈడువాడు. స్కూల్లో తనని చూస్తే తోటి పిల్లలు లైట్‌సేబర్ చప్పుడు చేసి ఏడిపించేవాళ్ళని పెద్దయ్యాక చెప్పాడు. 2001లో నటన మానేశాడు. సంభాషణ బాగాలేకపోతే రాసినవాణ్ణి అనాలి, తీసినవాణ్ణి అనాలి. పెద్ద పెద్ద పత్రికలు ఆ పసివాణ్ణే అన్నాయి. ఇది అప్పటితో పోలేదు కూడా. 2018 జూన్‌లో కెల్లీ మరీ ట్రాన్ అనే నటి ఇదే ఫ్రాంచైజీలో ఇంకో సినిమా చేసినందుకు నెలల తరబడి తిట్లు పడి, ఇన్‌స్టాగ్రామ్ పోస్టులన్నీ తీసేసింది. మోడరేటర్‌గా ఉన్నప్పుడు నేను పెట్టిన నియమం ఒక్కటే: సినిమాని ఎంతైనా తిట్టండి, మనిషిని తిడితే ఆ పోస్టు ఉండదు. దాని మీద నాతో చాలామంది గొడవపడ్డారు. గ్రూప్ వదిలి వెళ్ళారు కూడా. ఆ నియమం మాత్రం మార్చలేదు.

ఇప్పుడు పిల్లల సంగతికి వస్తాను. 2001 అక్టోబర్‌లో డీవీడీ వచ్చినప్పుడు మా అమ్మాయికి అయిదేళ్ళు. నేను చివరి యుద్ధం చూపిద్దామని తెచ్చాను. తను జార్ జార్ కోసం చూసింది. నాలుక యంత్రంలో ఇరుక్కుని మొద్దుబారే సీన్‌కి పొట్ట పట్టుకుని నవ్వి, వెనక్కి తిప్పమని అడిగింది. ఎన్నిసార్లు తిప్పానో లెక్కలేదు. పన్నుల తగాదా తనకి అక్కర్లేదు. దుష్టులు ఊరిని చుట్టుముట్టారు, మంచివాళ్ళు కాపాడతారు, అంతే. మిడిక్లోరియన్లు అన్నది ఒక గమ్మత్తైన మాట. తల్లిని వదిలి వెళ్ళే ముందు అనకిన్ వెనక్కి పరుగెత్తుకొచ్చి "నేను వెళ్ళలేనమ్మా" అనే చోట మాత్రం నా చొక్కా పట్టుకుంది. ఆ వాక్యాలు చప్పగా ఉన్నాయని పెద్దవాళ్ళు రాశారు. అయిదేళ్ళ పిల్లకి అమ్మని వదిలి వెళ్ళడం కంటే పెద్ద విషయం లోకంలో లేదు. లూకాస్ ఈ సినిమాలు పిల్లల కోసమని ఎన్నోసార్లు చెప్పాడు. ఆ మాటని చాలాకాలం సాకు అనుకున్నాను. మా సోఫాలో ఆ రోజు చూశాక అది సాకు కాదని తెలిసింది.

ఆ పిల్లలు పెరిగారు. 2008 నుంచి వచ్చిన 'క్లోన్ వార్స్' యానిమేషన్ సీరియల్ వాళ్ళతో పాటు పెరిగి, ప్రీక్వెల్స్‌లో హడావిడిగా దాటేసిన స్నేహాలనీ, యుద్ధాన్నీ నిదానంగా నింపింది. తర్వాత మీమ్స్ వచ్చాయి. తిట్టడానికి వాడిన డైలాగులే ముద్దుగా చెప్పుకునే డైలాగులయ్యాయి. 2012లో డిస్నీ లూకాస్‌ఫిల్మ్‌ని కొన్నాక 2015 నుంచి వచ్చిన కొత్త సినిమాలు కూడా ఒక కారణం. అవి పాతవాటి దారిలోనే ఎక్కువగా నడిచాయి కాబట్టి, తడబడినా కొత్త లోకం కట్టినవాడి విలువ అప్పుడు కొందరికి తెలిసింది. ఇంకొకటి, రాజకీయం. విసుగని తీసిపారేసిన సెనేట్ (గ్రహాలన్నిటి చట్టసభ) సీన్లే ఇప్పుడు నాకు ఎక్కువ ఇష్టం. ఒక గ్రహాన్ని తనే వెనక నుంచి ముట్టడి చేయించి, ఆ కష్టాన్ని చూపించి, ఆ రాణి నోటితోనే పాత ఛాన్సలర్ మీద అవిశ్వాస తీర్మానం పెట్టించి, పాల్పటిన్ అనే సెనేటర్ చట్టప్రకారం పైకి వస్తాడు. కత్తి దూయడు, ఒక్క నియమం తప్పడు. ముప్పై ఏళ్ళప్పుడు నాకు ఆ సీన్లలో నిద్ర వచ్చింది, యాభై దాటాక వెన్నులో చలి పుడుతోంది.

2019 ఏప్రిల్‌లో చికాగోలో జరిగిన స్టార్ వార్స్ వేడుకలో, ఈ సినిమాకి ఇరవై ఏళ్ళయిన సందర్భంగా అహ్మద్ బెస్ట్ వేదిక మీదకి వచ్చాడు. హాలు హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. 2023లో 'మాండలోరియన్' అనే స్టార్ వార్స్ సీరియల్లో జెడైగా, రెండు లైట్‌సేబర్లతో, పసివాణ్ణి కాపాడే పాత్రలో అతన్ని చూపించారు. ఈసారి తొడుగు లేకుండా, తన ముఖంతో. మా అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది.

మనవాళ్ళకి ఆసక్తి కలిగించే ఒక సంగతి ఉంది, అది చెప్పకుండా ఉండలేను. ఆ చివరి కత్తి యుద్ధంలో బృందగానం వినిపిస్తుంది కదా, అది సంస్కృతం. వేల్స్ దేశపు ప్రాచీన కవితలోని ఒక ముక్కని రాబర్ట్ గ్రేవ్స్ ఇంగ్లీషు చేశాడు. దాన్ని సంస్కృతంలోకి మార్పించి, లండన్ గాయకులతో పాడించాడు జాన్ విలియమ్స్. అక్షరాలని ధ్వని కోసం విడగొట్టి తిప్పి వాడుకున్నాడు కాబట్టి, సంస్కృతం వచ్చినవాళ్ళకి కూడా మాటలు పట్టుబడవు. ఆ రాత్రి నాకూ తెలియలేదు. గుడిలో వేదపఠనం జరుగుతుంటే బయట నిలబడ్డప్పటి ఒళ్ళు గగుర్పాటు మాత్రం వచ్చింది. ఎందుకో చాలా ఏళ్ళ తర్వాత తెలిసింది. ఆ యుద్ధం మధ్యలో ఎర్రటి కాంతి తలుపులు మూసుకుంటాయి, ముగ్గురూ విడిపోతారు. మాల్ బోనులో పులిలా అటూ ఇటూ తిరుగుతాడు. ఓబీవన్ వెనక తలుపు దగ్గర ఆగలేక నిలబడి ఉంటాడు. క్వైగాన్ మోకాళ్ళ మీద కూర్చుని కళ్ళు మూసుకుంటాడు. ఒక్క మాట లేకుండా ముగ్గురు ఎవరో చెప్పేశాడు లూకాస్. అనకిన్‌కి తండ్రి కాగలిగినవాడు చనిపోతున్నాడు, ఈ యుద్ధం ఎవరి తలరాత గురించో చూడండి అని 'క్లోన్ వార్స్' తీసిన డేవ్ ఫిలోనీ 2020లో ఒక డాక్యుమెంటరీలో వివరించాడు. అది విన్నాక ఆ సీన్ నాకు ఇంకా బరువెక్కింది.

ఇక మీ చివరి ప్రశ్న. 2011లో మొదలైన 'మచేటీ ఆర్డర్' అనే వరస ప్రకారం చాలామంది ఈ సినిమాని మొత్తంగా వదిలేస్తారు. పెద్దవాళ్ళకైతే ఆ వరసతో నాకు పేచీ లేదు. ఎనిమిదేళ్ళ పిల్లాడికి మాత్రం వదలొద్దు. అలాగని దీనితో మొదలుపెట్టకండి. 1980 సినిమాలో ఒక పెద్ద రహస్యం బయటపడుతుంది. ప్రీక్వెల్స్ ముందు చూస్తే అది ముందే తెలిసిపోతుంది, బతుకులో ఒక్కసారే దొరికే ఆశ్చర్యం అది. ముందు 1977, 1980, 1983 సినిమాలు చూపించండి. తర్వాత కొన్ని వారాలు ఆగి ఇది పెట్టండి. రెండుంబావు గంటల సినిమా, కాబట్టి పాడ్ రేస్ అయ్యాక ఆపి, మిగతాది మర్నాడు చూపించినా ఏం పోదు. సెనేట్ సీన్లలో వాడు ఆటలకి లేస్తే లేవనివ్వండి. క్వైగాన్ చనిపోయేటప్పుడు పక్కనే ఉండండి, మా అమ్మాయి ఆ రాత్రి మా మధ్యే పడుకుంది.

సినిమాకి ముందు జార్ జార్ గురించి వాడికి ఏమీ చెప్పకండి. వాడు నవ్వితే మీరూ నవ్వండి. అయిపోయాక ఫోన్‌లో అహ్మద్ బెస్ట్ ఫొటో తీసి, జార్ జార్ ఈయనే అని చూపించండి.